స్లాష్ మరిచిన రోజు

కిందటేడాది సికింద్రాబాద్‌లోని మా ఆఫీసుకు, తమ స్కూలు కోసం నేను తయారుచేసిన వెబ్‌సైట్ చూడటానికి సైనిక్‌పురి నుంచి ఓ ప్రిన్సిపాల్ వచ్చారు. మొదటి పేజీ చక్కగా వచ్చింది. మార్కుల పేజీ నొక్కగానే రంగులన్నీ పోయి, తెల్లటి తెరపై ఉత్త అక్షరాలు మిగిలాయి.

"ఇదేందమ్మా, కరెంటు బిల్లు లెక్క ఉంది?" అన్నారావిడ.

తల కొట్టేసినట్టయింది. పేజీలకు రంగులద్దే స్టైల్‌షీట్ ఫైలు రాసిన జూనియర్ మేరీ మీద విరుచుకుపడ్డాను. "నీ ఫైలే ఖరాబుంది" అని అందరి ముందూ అరిచాను. ఆమె, అన్ని పేజీలకూ మూసగా నేను రాసిన టెంప్లేట్ తెరిచింది.

"ఫైల్ మంచిగనే ఉందక్కా. దాని కాడికి పోయేటందుకు నువ్వు రాసిన దారికి ముందు స్లాష్ గీత లేదు. లోపలి పేజీలు దాన్ని వేరే ఫోల్డర్ల ఎతుకుతున్నయ్."

స్లాష్ పెట్టగానే రంగులొచ్చాయి. ఆ ఒక్క గీతను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రం మెట్ల దగ్గర ఆమెకు క్షమాపణ చెప్పాను.

"పర్లేదక్కా. గానీ తిట్టింది అందరి ముందు గదా" అంది మేరీ.

మర్నాడు అందరూ వచ్చేదాకా ఆగి, వాళ్ల ముందు మళ్లీ క్షమాపణ చెప్పాను.