మా వరండాలో ఒకే సూది

మా మేనమామ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. మార్కాపురం నుంచి దొనకొండ మీదుగా దర్శి దాకా ఉన్న జనంలో సగంమందికి టికెట్లు కొట్టిన చెయ్యి అది. రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరికే ఉండలేకపోయింది. సరిగ్గా అప్పుడే ఎవరో ఆయనకు ఇంట్లో షుగరు చూసుకునే మిషన్ కొనిచ్చారు. కొనిచ్చినవాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ళెవరో తెలియకపోవడంతో కోపానికి వీలు పడలేదు.

ఆయనకు షుగరుంది. మా అమ్మకుంది. నేను ఖాలా అని పిలిచే పక్కింటావిడకుంది. వెనక వీధి టైలరుకుంది. వీళ్ళలో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఒక్కరూ లేరు, అందరివీ బిళ్ళలే. అయినా రోజూ పొద్దున కాఫీకి ముందు మా వరండాలో చేరి వేళ్ళు చాపేవారు. మామ పెన్నులాంటి దాంట్లో సూది బిగించి, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటూ వరసగా కొట్టుకుంటూ పోయేవాడు. స్ట్రిప్పు మనిషికొకటి, ఎందుకంటే అది మార్చకపోతే మిషన్ పలకదు. సూది మార్చకపోయినా రక్తం వస్తుంది కాబట్టి సూది అందరికీ ఒకటే.

పరిశుభ్రత అసలు లేదనను. ఒకరికి పొడిచి ఇంకొకరికి పొడిచేలోపు మామ ఆ సూదిని భుజం మీది తువ్వాలుకు తుడిచేవాడు. ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకుంటాడు. ముక్కు సంగతి నేను రాయను.

వేలు పిండటం ఇంకో ముచ్చట. పాలివ్వని మేకను పిండినట్టు పిండేవారు. చుక్క స్ట్రిప్పుకు తాకించాక మిగిలిన రక్తాన్ని చీకేసి, ఆ వేలితోనే కాఫీ గ్లాసు అందుకునేవారు. చీకే ఓపిక లేనివాళ్ళు స్తంభానికి రాసేవారు. ఆ ఎర్రచారల్ని మొదట్లో తాంబూలం మరకలనుకున్నాను. అలా అనుకున్న రోజులు బాగుండేవి. వాడిన స్ట్రిప్పులు నందివర్ధనం కుండీలోకి వెళ్ళేవి. ఆ చెట్టుకు నీళ్ళు పోసేది నేనే.

ఇంతకీ అంకె తెలిశాక ఏం చేసేవారంటే, మాట్లాడేవారు.

"ఎంతొచ్చిందిరా తమ్ముడూ?" అనేది అమ్మ.

"నూట తొంభై అక్కా."

"అదేంది, రాత్రి నేనేం తినలేదే."

"తినలేదా? బొబ్బట్ల వాసన మా వంటింటి దాకా వచ్చింది" అనేది ఖాలా.

"ఒకటే తిన్నా చెల్లే."

"ఓహో, ఒకటే కాల్చినావా? అందుకే నా దాకా రాలేదు."

అంకె ఎక్కువొస్తే నిన్న తిన్నదాని మీద విచారణ. తక్కువొస్తే ఆ సంతోషంలో కాఫీలో ఇంకో చెంచా చక్కెర. ఎంతొచ్చినా బిళ్ళ మారేది కాదు, తిండి మారేది కాదు, సూది అసలే మారేది కాదు.

"మామా, సూదన్నా మార్చు" అన్నాను ఒకసారి.

"ఏందల్లుడా, చదువుకున్నోడివి నువ్వు గూడా! వీళ్ళంతా ఎవురు? ఒకరు అక్క, ఒకరు చెల్లెలు, వాడు నన్ను మామా అంటాడు. మనలో మనకు అంటేంది?"

"కొత్తదైతే సర్రున దిగుతాది నాయనా. ఇది మా వేళ్ళకు అలవాటైంది" అని ఖాలా కూడా అటే తిరిగింది.

నేనింకా గట్టిగా అనకపోవడానికి కారణం మా అమ్మ. నాయన పోయాక ఆమె గదిలోంచి బయటికి రావడం మానేసింది. అన్నం గదిలోకే, పలకరింపులూ గదిలోకే. అలాంటిది ఈ పొడుచుకోవడం మొదలయ్యాక, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వరండాలో కూర్చునేది. ఏ బిళ్ళా చేయలేని పని అది. స్తంభం చూసినప్పుడల్లా నాకు నేను ఆ మాట చెప్పుకునేవాణ్ణి. ఆ స్తంభానికి ఆనుకోవడం మాత్రం మానేశాను.

ఒక పొద్దున టైలరు వేలు చాపి, కరెంటు పోయిన కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నిన్న ఆస్పత్రిలో చూపించుకుంటే నాకు ఏందో హెపటైటిస్ అన్నారు మామా. కామెర్ల రకమంట. ఒంట్లో బాధేం లేదు గానీ, నా రక్తం తగిలితే ఇంకొకరికి వస్తాదంట, భద్రమన్నారు."

"అట్లనా" అన్నాడు మామ. టిక్కుమని కొట్టాడు. చుక్క తీసుకున్నాడు. సూదిని తువ్వాలుకు తుడిచాడు.

తర్వాతి వేలు మా అమ్మది. అప్పటికే చాపి ఉంది.

కాఫీ గ్లాసు వదిలేసి ఆమె చెయ్యి పట్టుకు లాగాను.

"ఏందిరా, చెయ్యి ఇరుగుతాది!" అంది అమ్మ.

"నేనేమన్నా పొడవడం తెలియనోణ్ణా అల్లుడా?" అన్నాడు మామ, సూది ఇంకా గాల్లోనే పెట్టి.

ముందు అర్థమైంది ఖాలాకు. "యా అల్లా! నిన్న నాకంటే ముందు వీడే గదా కొట్టించుకున్నాడు!" అంటూ కుళాయి దగ్గరికి పరుగెత్తి వేలు రుద్దడం మొదలుపెట్టింది. నిన్నటి రక్తాన్ని ఇవాళ కడుగుతున్నావని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. అందరికంటే ఎక్కువ భయపడింది టైలరు. "నాకేం తెలుసు పెద్దమ్మా" అని అమ్మతో అంటూ మెట్ల మీద కూలబడ్డాడు.

అందర్నీ ఆటోలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ మనిషికో కొత్త సూదితో రక్తం తీస్తుంటే, మామ ఇంత దుబారా ఎక్కడా చూడనట్టు చూశాడు. జరిగింది విని డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. తర్వాత మా వరండా అలవాటు గురించి అడిగింది.

"బిళ్ళలతో నిలకడగా ఉన్నోళ్ళు రోజూ పొడుచుకునే పని లేదమ్మా. మూణ్ణెల్లకోసారి ల్యాబులో చూపించుకుంటే చాలు. మందు మార్చినప్పుడో, చెమటలు పట్టి కళ్ళు తిరిగినప్పుడో ఇంట్లో చూసుకోండి. అప్పుడు గూడా ఎవరి సూది, ఎవరి పెన్ను వాళ్ళకే."

అమ్మ శ్రద్ధగా విన్నది. "మరి పొద్దున్నే వీళ్ళంతా మా ఇంటికి ఎందుకొస్తారమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాయబోయి ఆగింది. ఆ జబ్బుకు మందు రాయలేదు.

మొదటి పరీక్షలో అమ్మకుగానీ, మామకుగానీ, ఖాలాకుగానీ ఏమీ లేదని తేలింది. అది అప్పుడే బయటపడకపోవచ్చట, కొన్ని నెలలాగి మళ్ళీ చూడాలన్నారు. టీకాలు మొదలుపెట్టారు. మిషన్ను నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. స్తంభాన్ని బ్లీచింగుతో తోమాను. కుండీలో మట్టి మార్చాను. వరండా చాలా శుభ్రంగా ఉంది. అందులో ఎవరూ లేరు. అమ్మ అన్నం మళ్ళీ గదిలోకి వెళ్ళింది.

వారం తిరక్కుండానే మామ ఒక సంచీతో దిగాడు. అందులో బీపీ చూసే మిషన్ ఉంది.

"దీంట్లో రక్తం రాదల్లుడా. ఇప్పుడేమంటావు?"

కుర్చీలు తెచ్చి వరండాలో వేశాను. గేటు దగ్గర తచ్చాడుతున్న టైలరును ఖాలా కేకేసింది. "రారా, పట్టీనే గదా కట్టేది, వేలు అడగరులే." వాడొచ్చాడు.

ఇప్పుడు రోజూ ఆ పట్టీ మామ జబ్బకు, ఖాలా జబ్బకు, టైలరు జబ్బకు, మా అమ్మ జబ్బకు తిరుగుతుంది. అందరి చెమటా, కొబ్బరినూనే, చంకలో పౌడరూ కలిసి దానికొక వాసన వచ్చింది, దాన్ని వర్ణించే బాధ్యత నాకు లేదు. రాత్రి దాని గుడ్డ ఊడదీసి, ముక్కు పక్కకు తిప్పుకుని సబ్బుతో ఉతికి తీగ మీద ఆరేస్తున్నాను. ఎవరూ ఉతకమనలేదు. ఎవరూ గమనించలేదు కూడా, అమ్మ తప్ప.

"ఏరా, పట్టీ ఆరిందా? తొందరగా తే, వాళ్ళొచ్చేసినారు."