తారీఖు లేని యాటకూర

మా భాగ్య వదిన మా ఫ్రిజ్ తలుపు తీసే ముందు కొంగుతో ముక్కు మూసుకుంటుంది. ఆ తర్వాతే లోపలికి చూస్తుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. మా ఇంట్లో నిలబడి మా ఫ్రిజ్‌ను చూసి మొహం చిట్లించడానికి ఈవిడెవరు అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేను కూడా ముక్కు మూసుకునే తీస్తున్నాను.

నారాయణఖేడ్ బస్టాండ్ దగ్గర నాకు మందుల దుకాణం ఉంది. కంగ్టి, మనూర్ బస్సులు దిగినవాళ్లే నా గిరాకీ. గోలీల షీటు మొత్తం తీసుకునేవాళ్లు తక్కువ. నాలుగు గోలీలియ్యి, రెండు గోలీలియ్యి అంటారు. కత్తెరతో కత్తిరించి ఇస్తుంటాను. మా అన్న దేవప్ప, భాగ్య వదిన పదకొండేళ్లు పటాన్‌చెరు దిక్కున బతికి, రెండేళ్ల కింద తిరిగొచ్చి మా పక్క వాటాలోనే ఉంటున్నారు. అన్న లారీ నడిపేవాడు. వదిన మాంసాన్ని ట్రేలలో సర్ది దుకాణాలకు పంపే ఒక కంపెనీలో పనిచేసింది. చలిగదిలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, పొద్దంతా నిలబడి ట్రేల మీద తారీఖు చీటీలు అంటించడం ఆమె పని. చదివింది ఏడో తరగతి. అయినా ఏ పొట్లం చేతికిచ్చినా తిరగేసి, తారీఖు ఏ మూలన ఉందో చిటికెలో వేలు పెట్టి చూపిస్తుంది.

ఊరికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. నెలకోసారి దుకాణానికి వచ్చి, గాయాలకు వేసే తెల్లపట్టీ చుట్ట ఒకటి తీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బాకూ చిన్న ముక్క అంటించి, ఏ రోజు పెట్టిందో పెన్నుతో రాస్తుంది. మా అమ్మ కిష్టవ్వకు అది పెద్ద తమాషా. "మా పెద్దకోడలింట్ల పచ్చిపులుసుకు సుత పుట్టినరోజు ఉంటది" అని గల్లీ అంతా చెప్పుకుని నవ్వేది.

ఒకసారి సేమియా పొట్లం మీది తారీఖు వారం దాటిందని నేను దాన్ని చెత్తబుట్టలో వేశాను. వదిన చూసి బయటికి తీసింది.

"దీని మీద బెస్ట్ బిఫోర్ అని ఉన్నది. గా తారీఖు దాటితె రుచి జర తగ్గుతది, గంతే. పొట్లం చినగలే, పురుగు పట్టలే. వండుకోవచ్చు. యూజ్ బై అని ఉంటె మాత్రం ఒక్క దినం దాటినా ముట్టొద్దు. గది పానం సంగతి."

ఆ వెంటనే మా ఫ్రిజ్ తీసి, మూత లేని గిన్నెలో రంగు మారిన కోడిముక్కలు చూపించింది. "మరి దీన్నెందుకు పారెయ్యలే బస్వరాజ్?"

"దాని మీద తారీఖు లేదు కదా వదినా" అన్నాను. పొద్దంతా మందుల డబ్బాల మీద తారీఖులు చదివే మనిషిని, ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నా మొహం కూడా ఆ గిన్నెలోదే అన్నట్టు చూసింది.

ఇక ఈ ఎండాకాలం సంగతి. నా భార్య సౌందర్యకు ఆరో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలబడితే యాటపోతును కోస్తానని అమ్మ బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుంది. ఆదివారం అక్కడికి పోయి మొక్కు చెల్లించాం. పొద్దున పదింటికి కోశారు. అక్కడే వండి చుట్టాలకు పెట్టగా, సగం కూర పచ్చిమాంసంగానే మిగిలింది. వదిన అప్పుడే చెప్పింది: ఇక్కడే పంచేయండి, లేదంటే ఇప్పుడే ఇంటికి పంపి, చిన్న చిన్న పొట్లాలు కట్టి గడ్డ కట్టే అరలో పెట్టించండి అని. చెప్పి, వాళ్లమ్మకు పానం బాగాలేదంటే అటునుంచి అటే మనూర్ పోయింది.

మేం పంచలేదు. చుట్టాలతో ముచ్చట్లు తెగలేదు. మాంసం సాయంత్రం దాకా బేసిన్‌లో, తడిగుడ్డ కింద, ఈగల మధ్య ఉంది. చీకటి పడేలోపు ఆటోలో ఇంటికి తెచ్చి, ఒకే ప్లాస్టిక్ కవర్లో కుక్కి ఫ్రిజ్ పై అరలో తోశాం. గడ్డ కట్టే అరలో చోటు లేదు. అక్కడ ఏళ్లనాటి మంచు పేరుకుని తలుపు కూడా పడదు. సోమవారం మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయి, మంగళవారం పొద్దున గానీ రాలేదు.

బుధవారం పొద్దున అమ్మ ఫ్రిజ్ తీసింది. కవర్ కింద కారిన ఎర్రనీళ్లు రెండు అరలు దాటి పెరుగు గిన్నెలో పడి, అంచున తెట్టు కట్టాయి. అడుగున పూజకని దాచిన మల్లెదండ ఆ నీళ్లలో నాని ఉంది. అమ్మ దండను కుళాయి కింద కడిగి దేవుడి పటానికి వేసింది. కూర చేతికి జిగురుగా తగిలింది. అంచుల్లో పచ్చదనం తేలింది. అమ్మ వాసన చూసి, "జర కంపున్నది, పసుపేసి రెండుసార్లు కడిగితె పోతది" అంది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. పాడైందని నాకు తెలుసు. అమ్మ మొక్కు అని నోరు మూసుకున్నాను. ఆ పూట నా మీద నాకే రోత పుట్టింది.

మధ్యాహ్నం సౌందర్య పళ్లెం ముందు కూర్చుంది. వాంతి వచ్చేట్టుందంటే, కడుపుతో ఉన్నవాళ్లకు అన్నీ గట్లనే ఉంటయని అమ్మ రెండు గరిటెలు ఎక్కువ వేసింది. సౌందర్య అన్నం కలిపింది. అప్పుడే మనూర్ బస్సు దిగిన వదిన, చేతిసంచితోనే లోపలికొచ్చి గడపలో ఆగింది.

"ఏం కూర గిది?"

"అమ్మోరి యాట" అంది అమ్మ.

"ఐతారం నాటిదా? నాలుగొద్దులాయె కద అత్తా."

"నాలుగెక్కడివి పిల్లా. సోమారం శివునిది, మంగళారం హన్మండ్లది. గా రెండొద్దులు మనింట్ల కూర ముట్టం. అవి లెక్కకు రావు. నిన్న కోసినట్టె."

అమ్మ హాస్యమాడలేదు. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే లెక్క. తినని రోజులు మాంసానికి వయసు పెరగని రోజులు. చిన్నప్పటినుంచీ ఆ లెక్కనే తిన్నాను.

"మనం తినం అత్తా. పురుగు ఒక్కపొద్దుంటదా?" అని వదిన వచ్చి సౌందర్య మణికట్టు పట్టుకుంది. ముద్ద పళ్లెంలో పడింది.

అమ్మ లేచి నిలబడింది. "దాని కడుపు కోసం మొక్కిన. తల్లికిచ్చింది పారేస్తె తల్లి ఊకుంటదా? రెండుసార్లు పోయింది. మల్ల పోతె నువ్వు తెచ్చిస్తవా?"

సౌందర్య ఏడుపు మొదలుపెట్టింది. ఎవరి మాట వినాలో ఆమెకు తెలియలేదు. నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. వదిన చెయ్యి వదల్లేదు. నెమ్మదిగా మాట్లాడింది.

"కంపెనీ పని ఎందుకిడిసిన్నో మీకెవ్వరికీ చెప్పలే. ఒకపారి దుకాండ్ల నుంచి ట్రేలు వాపస్ వచ్చినయి. తారీఖు దాటినయి. పాత చీటీ గీకి కొత్తది అంటియ్యమన్నడు మా మీదాయన. అంటిచ్చిన అత్తా. గీ గోరుతోనే గీకిన. నలభై ట్రేలు. ముట్టుకుంటె గిట్లనే జిగురు. అవి ఏ ఇంటికి పోయినయో, గా ఇంట్ల కడుపుతోని పిల్ల ఉన్నదో లేదో, ఇయ్యాల్టి దాక తెల్వది. తెల్లారి నుంచి పనికి పోలే. గీ గోరు ఎంత కడిగినా వాసనొస్తనే ఉంటది."

"ఉడికింది కద. ఉడికితె అన్ని చస్తయి" అంది అమ్మ. గొంతు కొంచెం తగ్గింది.

"పురుగు చస్తది. అది ఇడిసిన విషం ఉడికినా ఉంటది. నేనొకటడుగుత చెప్పు. మనింట్ల ఫ్రిజ్ లేనప్పుడు మిగిలిన కూరనేం జేస్తుంటివి?"

"సన్నగ కోసి, ఉప్పు పసుపు పట్టిచ్చి, గా పూటనే తాడు మీద ఎండేస్తుంటి. తునకలు."

"పచ్చిది తెల్లారెదాక ఉంచుతుంటివా?"

"ఉంచుతరా ఎవరన్న. కంపు లేస్తది." ఆ మాట అన్నాక అమ్మ పొయ్యి మీది గిన్నె వైపు చూసింది. తర్వాత తనే గిన్నె దించి, పెరట్లోకి నడిచింది.

గుంత నేను తవ్వాను. కుక్కలు తీయకుండా మోకాలి లోతు తవ్వాను. అమ్మ కూరనంతా ఒంపి, పైన పసుపు కుంకుమ చల్లి, తల్లీ తప్పు మాది అని దండం పెట్టింది. మన్ను కప్పేదాకా ఆ కంపు నా ముక్కును వదల్లేదు. ఆ ముద్ద ఇంకొక్క నిమిషమైతే సౌందర్య నోట్లో ఉండేదన్న తలపుకు, గోడ పక్కన వంగి కక్కుకున్నాను.

తర్వాత వదిన ఫ్రిజ్‌ను ఖాళీ చేసి, సోడా ఉప్పు కలిపిన వేడినీళ్లతో కడిగింది. మంచు కరగనిచ్చింది. పచ్చికూర ఇకనుంచి మూత డబ్బాలో, అన్నిటికంటే కింద ఉండాలని, వండింది పైన ఉండాలని, కోసిన రెండు గంటల్లోపే లోపల పెట్టాలని చెబుతూ పోయింది. అమ్మ అన్నీ విని, "గా పట్టీ ఇటియ్యి" అంది. అమ్మకు రాయడం రాదు. సౌందర్య చేతికి పెన్ను ఇచ్చి పక్కన కూర్చుంది. వదిన ఒక్కొక్కటే తుడిచి తారీఖు చెబుతుంటే సౌందర్య రాసి అంటించసాగింది. గండం గడిచిందనుకున్నాను.

ఫ్రిజ్ తలుపు అరలోంచి తీసినవాటిలో సౌందర్య రోజూ వేసుకునే, రక్తం పట్టే గోలీలు ఉన్నాయి. వదిన ఆ షీటు ముక్కను చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెలుతురుకు పెట్టి చూసింది.

"బస్వరాజ్, దీని మీద తారీఖేది?"

తారీఖు షీటు కొసన ఉంటుంది. ఆ కొస ఎప్పుడో ఎవరికో కత్తిరించి ఇచ్చేశాను. మిగిలిన ముక్కలు నా దుకాణంలో ఒక సొరుగులో పడుంటాయి. తారీఖు లేదని వాటిని ఎవరూ కొనరు. పారేయడం ఎందుకని ఇంటికి తెచ్చాను. మూడు నెలలుగా తెస్తున్నాను.

"మంచిగనే ఉంటయి వదినా" అనబోయాను. అది పొద్దున అమ్మ అన్న మాటలాగే ఉందని నాకే తెలిసి ఆగిపోయాను. వదిన ముక్కు మూసుకోలేదు. గోలీలను నేల మీద, నా కాళ్ల ముందు పెట్టింది.

సౌందర్య కొత్త పట్టీ ముక్క చింపి, దాని మీద పెన్ను ఆనించి నావైపు చూసింది.

"ఏ తారీఖు రాయాలె?" అని అడిగింది.