మామ బావిలో ఆయిలు

విదేశీ కంపెనీలకు దేశం తలుపులు తెరిచారని రోజూ వార్తల్లో చెప్పిన కాలం అది. ఎవరి తలుపులు తెరిచారో గాని, మా గుడియాత్తం మేస్త్రీలకు కూడా ఏదో వచ్చి పడుతుందన్న ఆశ మొదలైంది. లత్తేరిలో మా మేనమామ ఇల్లు కడుతున్నాడు. మేస్త్రి మా నాయన. వానలు దగ్గరపడ్డాయి, మిద్దెకు కాంక్రీటు పోయాలి. సరిగ్గా అప్పుడే బావి నీళ్ళ మీద రంగురంగుల తెర కనిపించింది. మామ పని ఆపేశాడు. "ఆయిలు కంపెనీవోళ్ళు వచ్చి ఎట్లాగూ పడగొడతారు. ఊరికే యాల పోసేదప్పా?" అన్నాడు.

వేలూరులో అట్ట లేని భూగర్భశాస్త్రం పుస్తకం కొని, నా అంతట నేనే చదువుకున్నవాణ్ణి కాబట్టి, అక్కడ ఆయిలు లేదని ఆయన్ను ఒప్పించే పని నా మీద పడింది. సెంట్రింగ్ పలకలతో పెట్టె చేసి, ముందు కిటికీ అద్దం బిగించాను. అడుగున తడిపిన పాలారు ఇసుక, పైన బంకమట్టి. ఒక పక్క పలకను మెల్లగా బయటికి లాగాను. నేల సాగినప్పుడు జరిగేదీ అదే: పొరలు ఏటవాలుగా తెగి, ఒక ముక్క కిందికి జారుతుంది. జారిన బంకమట్టి ఇవతలి ఇసుకకు అడ్డుగోడలా నిలిచింది. అడుగు నుంచి గొట్టంతో రేషను కిరసనాయిలు వదిలితే, నీలంగా పైకి పాకి ఆ గోడ మూలన చిక్కుకుపోయింది. (నా జీవితంలో అనుకున్నట్టే జరిగిన పని అదొక్కటే.)

"ఇట్లాంటి పొరలు కావేరి సముద్రంలో కలిసే పక్క ఉన్నాయి. మన కింద అంతా గట్టి రాయే, అందుకే..." అని ముగించబోయాను. ఎవరూ వినలేదు. మావాళ్ళు కట్టుబడి మనుషులు. నోటిమాట నమ్మరు, మాదిరి కట్టి చూపిస్తే నమ్ముతారు.

"ఉండాది, కంటి ముందరే ఉండాది," అన్నాడు మామ.

"లేదని చెప్పమంటే, కట్టి చూపించినావే నాయనా," అన్నాడు మా నాయన నీరసంగా.

అత్త ఖాళీ సీసా పట్టుకుని వచ్చింది. "కూలోళ్ళకు వండే కిరసనాయిలు గదా ఇది? బావి గట్టున నీళ్ళు తోడే ఇంజను మూడు దినాలుగా ఆయిలు కారతా ఉండాది. నన్నెవురన్నా అడిగినారా?"

ఇంజను బాగుచేయించారు, నీళ్ళు తేటపడ్డాయి. వానకు ముందే మిద్దె పోశాం.

ఇప్పటికీ లత్తేరి వెళితే మామ నన్ను బావి దగ్గరికి తీసుకుపోతాడు. "చూడు నాయనా, అడుగున యాడన్నా చిక్కుకోని ఉండాదేమో." వివరించే ఓపిక నాలో ఎప్పుడో అయిపోయింది. వంగి చూసి, "ఇంకా పైకి రాలేదు మామా," అంటాను. ఆయన తృప్తిగా తలూపుతాడు. గొట్టం పట్టుకుని పెట్టె పక్కన నిలబడ్డ ఆనాటి కుర్రాడు ఈ మాట వింటే మాత్రం, నాతో పొద్దుగూకేదాకా వాదించేవాడు.