బటన్ వదలండి, అత్తయ్యగారూ!

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆవిడని అక్కడందరూ డిటెక్టివమ్మ అనేవారు. పగలంతా వచ్చినవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సరిచేసేది. ఇంటికొచ్చాక వారపత్రికకి అపరాధ పరిశోధన సీరియల్ రాసేది. విషాల గురించీ, వేలిముద్రల గురించీ చదివి తెలుసుకుంది కానీ, పోలీసు వైర్‌లెస్ మాత్రం ఊహించి రాసేసింది. అక్కడే దొరికిపోయింది.

పట్టుకున్నది సొంత అన్నయ్యే. ఆయన పోలీసు కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ ఆపరేటరు. ఒక ఆదివారం పత్రిక చేత్తో పట్టుకుని చెల్లెలింటికొచ్చి, కుర్చీలో కూలబడి, గొంతెత్తి చదివాడు.

"'హలో కంట్రోల్! చీకటిని చీల్చుకుంటూ హంతకుడి కారు దూసుకుపోతోంది! నా గుండె దడదడలాడుతోంది! ఇక మీరే నాకు దిక్కు!' ఏమిటే ఇది? వీడు ఎస్సైయా, నాటకాల రాయుడా?"

"కథన్నాక కాస్త ఉద్వేగం ఉండొద్దా అన్నయ్యా?"

"వీడి ఉద్వేగం తీరేలోపు కారు ఊరు దాటేస్తుంది. ఒక్క ఛానెల్ మీద పోలీసు బళ్ళన్నీ ఉంటాయే. ఒకడు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు నోరు కట్టుకోవాల్సిందే. అందుకని ముందు ఎవర్ని పిలుస్తున్నావో చెప్పాలి. తర్వాత నువ్వెవరో, ఎక్కడున్నావో, ఏం జరిగిందో. గుండె సంగతి ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకోవాలి."

డిటెక్టివమ్మకి చురుక్కుమంది. కంట్రోల్ రూమ్‌కి వచ్చి వింటానంది. బయటివాళ్ళని రానివ్వరన్నాడు. చెల్లెలి మొహం చూసి జాలేసిందేమో, పిల్లలు ఆడి ఆడి బీరువా మీద పడేసిన బొమ్మ వాకీటాకీలు రెండు దించి బ్యాటరీలు వేశాడు.

"ఇక్కడే నేర్చుకో. మనకిప్పుడు ఒక బండి కావాలి."

ఆ సమయానికి దొరికింది అత్తగారు. ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మీదకి వెళ్తోంది. కోడలి రాతలంటే ఆవిడకి గిట్టదని ఇంట్లో అందరి నమ్మకం. "చంపుకోవడాలూ, నరుక్కోవడాలూ... నాకెందుకమ్మా" అని మొహం తిప్పేసుకునేది.

"మీరు ఏడో నంబరు బండి, అత్తయ్యగారూ. మాట్లాడేటప్పుడు ఈ బటన్ నొక్కండి, అవగానే వదిలేయండి," అన్నాడు అన్నయ్య.

"ఈ వయసులో నన్ను బండిని చేశావా నాయనా!" అంటూనే ఆవిడ కొంగు బిగించి మెట్లెక్కింది.

"ఏడు, కంట్రోల్," అని పిలిచింది డిటెక్టివమ్మ.

"ఆఁ, ఏంటమ్మా?"

"అలా కాదండీ. 'కంట్రోల్, ఏడు' అనాలి."

"కంట్రోల్, ఏడు. డాబా మీద దుప్పటి ఇంకా తడిగానే ఉంది. ఓవర్."

అన్నయ్య బల్ల మీద చరిచాడు. "చూశావా! ఒక్క ముక్క ఎక్కువ లేదు. నీ ఎస్సైని తీసేసి ఈవిడకి ఇచ్చెయ్ ఆ ఉద్యోగం."

ఇంతలో సెట్టులో పక్క డాబా ఆవిడ గొంతు వినిపించింది. చేతిలో అదేమిటని అడుగుతోంది. అత్తగారు అటు తిరిగింది కానీ, బటన్ మీద వేలు తీయలేదు.

"మా కోడలి సీరియల్ కోసమండీ."

"బటన్ వదలండి, అత్తయ్యగారూ!" అని డిటెక్టివమ్మ అరిచింది.

"ఎంత అరిచినా ఆవిడకి వినపడదు," అన్నాడు అన్నయ్య. "మా దగ్గరా అంతే. ఎవడో సెట్టు మీద కూర్చుంటాడు, బటన్ నొక్కుకుపోతుంది. వాడు చెప్పేదంతా మేం వినాల్సిందే, మేం చెప్పేది వాడికి చేరదు."

"మీరు చదువుతారా ఆ సీరియలు?" అంది పక్కింటావిడ.

"చదవకేం! పత్రిక రాగానే ముందు నేనే చదివేసి, మడత చెడకుండా పెట్టేస్తాను. పోయిన వారం ఆ నర్సుని చంపేసిందండీ, నాకు అన్నం సయించలేదు. ఇప్పుడా మిల్లు యజమాని మీద కన్నేసింది. పాపం, మంచివాడు!"

"మరి బావుందని కోడలికి చెప్పకపోయారా?"

"అమ్మో! చెబితే నెత్తికెక్కి కూర్చోదూ?"

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. డిటెక్టివమ్మ నవ్వబోయింది కానీ కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాట కోసమే చూస్తోంది మరి.

అత్తగారు బట్టలతో దిగొచ్చేసరికి ఎదురెళ్ళి, "మిల్లు యజమానిని చంపనులెండి," అంది. ఆవిడ ఒకసారి సెట్టు వంక, ఒకసారి కోడలి వంక చూసి నాలుక కరుచుకుంది. "సరే, విన్నారుగా. అయితే ఆ నర్సు మొగుడి సంగతి కూడా కాస్త చూడు, వాడి మీద నాకు అనుమానం," అంది.

ఆ సాయంత్రమే కొత్త అధ్యాయం తయారైంది. ఏడో బండిలో కానిస్టేబుల్ సెట్టు బటన్ నొక్కుకుపోతుంది. పక్కన కూర్చుని తీయగా మాట్లాడుతున్నవాడే హంతకుడని కంట్రోల్‌లో అందరికీ తెలిసిపోతుంది. ఆ మాట కానిస్టేబుల్‌కి చెప్పే దారి మాత్రం లేదు. ఆ గదిలో ఎవరూ గుండెల గురించి మాట్లాడరు. ఏడో బండి ఎక్కడుందో అడుగుతుంటారు, అంతే.

సంపాదకుడు పెదవి విరిచాడు. మాటలు మరీ పొడిపొడిగా ఉన్నాయన్నాడు. డిటెక్టివమ్మ పట్టు విడవలేదు. అచ్చయిన వారం పత్రిక ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. కానిస్టేబుల్ బతికాడా లేదా అని అందరూ ఒకటే ఆరా. కంట్రోల్ రూమ్‌లో కూడా పత్రిక చేతులు మారిందట.

ఇప్పుడు సీరియల్లో కథ కోర్టు దాకా వచ్చింది. కోర్టులో ఎలా మాట్లాడతారో డిటెక్టివమ్మకి తెలీదు. ఊహించి రాస్తే మళ్ళీ పరువు పోతుందని, అత్తగారే బంధువులందరినీ గాలించి, తన చెల్లెలి అల్లుడైన ప్లీడరుని ఆదివారం భోజనానికి పిలిచేసింది.