కరీంనగర్ దాకా ఒకే బస్సులో

గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే ల్యాంప్ రూంలో ఎవాంజెలిన్‌ది తొమ్మిదేళ్ల నౌకరీ. టోకెన్ చూపించకుండా కిటికీలో చేయి పెడితే ఎంత పెద్ద ఆఫీసరైనా ఉత్త చేత్తో పోవలసిందే. ఆమె నోటికి జడిసి గోదావరిఖని కాలనీలో ఎదురింటివాళ్లు కూడా ఆచితూచి మాట్లాడతారు. అలాంటి మనిషి సెలవు పెట్టి, తెల్లవారుజామున బస్సెక్కి శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చింది, కువైట్ నుంచి దిగుతున్న అక్క కెరోలిన్‌ను తీసుకుపోవడానికి.

ఇష్టమై రాలేదు. చర్చి పెద్ద సదానందం ఇంటికొచ్చి, "ఒక్కతే ఎట్లొస్తది బిడ్డా, కారు మాట్లాడుకొని పో" అన్నాడు. ఆయన ముందు సరేనంది. కారు మాత్రం మాట్లాడలేదు. తాను ఏ బస్సులో తిరుగుతుందో అక్క కూడా ఆ బస్సులోనే వస్తుందని అప్పుడే అనుకుంది.

అక్కాచెల్లెళ్ల మధ్య చెడింది నాన్న ఉద్యోగం దగ్గర. స్తెఫను ముప్పై ఏళ్లు బొగ్గు నింపి, ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన స్థానంలో పిల్లల్లో ఒకరికి కంపెనీ నౌకరీ వస్తుంది. పెద్దదానికే ఇస్తాడని అందరూ అనుకున్నారు. కెరోలిన్ ఆ మాట నమ్ముకుని వచ్చిన సంబంధాలు కూడా వద్దంది. అదే ఏడు ఎవాంజెలిన్ మొగుణ్ణి వదిలేసి, జైపూర్‌లోని అత్తగారింటి నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చింది. స్తెఫను చిన్నదాని పేరు రాయించాడు. నెల తిరక్కుండా కెరోలిన్ కువైట్ వెళ్లి ఓ ఇంట్లో పనికి కుదిరింది. నాలుగేళ్లకు తండ్రి పోతే మట్టికి కూడా రాలేదు. ఎవాంజెలిన్ ఆ ఒక్కటీ మరిచిపోలేదు.

బయటికొచ్చే దారి పొడవునా జనం. ట్రాలీ మీద మూడు పెట్టెలు నెట్టుకుంటూ వచ్చిన ఆడమనిషిని ఎవాంజెలిన్ మొదట పోల్చుకోలేదు. చెంపలు పీక్కుపోయి, నడుము ఒక పక్కకు ఒరిగి ఉంది. జాలి కలగబోయింది. కెరోలిన్ నోరు తెరవగానే అది కాస్తా పోయింది.

"కారేది?"

"కారు లేదు. బస్సుంది."

"మూడు పెట్టెలతోని బస్సులనా?"

"నేను చెప్పిన్నా, మూడు పెట్టెలు తెమ్మని?"

పక్కనే కాచుకుని ఉన్న కారు డ్రైవరు ట్రాలీ మీద చేయి వేశాడు. "ఎక్కడికి మేడం? గోదావరిఖనా? జల్ది పోదాం రండి."

కెరోలిన్ అతనితో మాట్లాడబోతుంటే ఎవాంజెలిన్ మధ్యలోకి వచ్చింది. "చెయ్యి తియ్. ఎవరు పిలిచిన్రు నిన్ను?" అతను గొణుక్కుంటూ ఇంకొకరి వెంట పడ్డాడు. ఎవాంజెలిన్ వెనక్కి చూడకుండా బస్సులు ఆగే చోటికి నడిచింది. కెరోలిన్‌కు ఈ దారులు కొత్త. చెల్లెలి వీపు చూసుకుంటూ ట్రాలీ నెట్టక తప్పలేదు. బస్సు దగ్గర ఎవాంజెలిన్ అన్నింటికన్నా చిన్న పెట్టె ఎత్తి లోపల పెట్టి, తన బాధ్యత తీరినట్టు పోయి కూర్చుంది. మిగతా రెండూ కెరోలిన్ డ్రైవరును బతిమాలి ఎక్కించుకుంది. పుష్పక్ బస్సులో చల్లగా ఉంది, సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు. సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్‌లో బస్సు మారడానికి దిగారు.

అక్కడ గోదావరిఖని ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీదికి వస్తూ ఉండగానే జనం ఎగబడ్డారు. ఎవాంజెలిన్ కిటికీలోంచి చున్నీ విసిరింది. ఒకే సీటు మీద విసిరింది. పెట్టెలు ఇంజను పక్కన పడేసి కెరోలిన్ లోపలికి వచ్చేసరికి, చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. పక్క సీట్లో పెద్దపల్లి పోయే ముసలమ్మ ఉంది.

కండక్టరు వచ్చాడు. "ఆధార్ చూపియ్యమ్మా."

ఈ రాష్ట్రంలో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ ఉచితం. కెరోలిన్ వెళ్లేనాటికి ఈ పద్ధతి లేదు. కార్డు అన్నింటికన్నా కిందున్న పెట్టెలో ఉంది. ఆమె పాస్‌పోర్టు తీసి చూపింది.

"గిది నడవదమ్మా. కార్డు లేకుంటే టికెట్ కొనాలె."

వెనక ఎవరో నవ్వారు. ఎవాంజెలిన్‌కు ముందే చెప్పడానికి పొద్దున్నుంచీ వీలుంది. చెప్పలేదు. కెరోలిన్ టికెట్ కొని, పైన కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు కుదిపినప్పుడల్లా రెండో చెయ్యి నడుము మీదికి పోతోంది. ముసలమ్మ చూడలేక, "మీ అక్కనా బిడ్డా? జర సేపు కూసోనియ్యరాదు" అంది.

"నిలబడనియ్ అవ్వా. మా నాయిన దవాఖానల మంచం మీదున్న మూడు నెలలు నేనొక్కదాన్నే నిలబడ్డ."

మాట బస్సంతా వినబడింది. కెరోలిన్ ముఖం నల్లబడింది.

"పాస్‌పోర్టు మా సేటు దగ్గరుండె. నేనెట్ల రావాలె, ఈదుకుంట రావాల్నా?"

"ఫోన్ గూడ సేటు దగ్గర్నే ఉండెనా?"

కెరోలిన్ కడ్డీ మార్చి పట్టుకుంది. "విను ఎవా. నేనిగ పోను. పనిచ్చినోళ్లే పంపించేసిన్రు, నడుము పోయింది. నాన్న క్వార్టర్లనే ఉంట."

"నాన్న క్వార్టర్ కాదది. నా పేరు మీదుంది."

"నౌకరీ గూడ నీ పేరు మీదనే ఉంది. ఎవరిదది?"

ఎవాంజెలిన్ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ల్యాంప్ రూంలో అడుగుపెట్టిన రోజు నుంచి ఎవరూ ఈ మాట ఆమె ముఖం మీద అనలేదు. వెనక అనుకుంటారని మాత్రం తెలుసు. సిద్దిపేట దాటాక కెరోలిన్‌కు ఎక్కడో సీటు దొరికింది. ఎవాంజెలిన్ ఆ తర్వాత ఒక్కసారి కూడా తల తిప్పలేదు. లోపల మాత్రం ఉడికిపోతూనే ఉంది.

కరీంనగర్ బస్టాండ్‌లో బస్సు ఆగింది. కెరోలిన్ దిగి, బాత్‌రూంలు ఎటని అడుగుతూ పోయింది. నడుము నొప్పికి ఆమె మెల్లగా నడవడం ఎవాంజెలిన్ కిటికీలోంచి చూసింది. కాసేపటికి డ్రైవరు వచ్చి ఇంజను స్టార్ట్ చేశాడు.

"అందరు ఎక్కిన్రా?" అన్నాడు కండక్టరు.

ఎవాంజెలిన్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదే ఉంది కూడా. పెట్టెలు తన వెంట వస్తాయి, మనిషి ఇక్కడ ఉండిపోతుంది, ఏమవుతుందో చూద్దాం అనుకుంది. విజిల్ వేశారు. బస్సు వెనక్కి కదిలింది.

"ఆగయ్యా, వీళ్లక్క రాలే" అని ముసలమ్మ కేక వేసింది. తర్వాత ఎవాంజెలిన్ వైపు చూసి, "నువ్వేం మనిషివే" అంది.

అప్పటికే కెరోలిన్ బస్సు పక్కన రొప్పుతూ నిలబడి ఉంది. ఆమె పరుగెత్తుకు వస్తూ చూసింది డ్రైవర్ని కాదు, కిటికీలో చెల్లెల్ని. ఆగిన బస్సెక్కి, ఒక్కొక్క పెట్టే ఈడ్చి కింద పెట్టుకుంది. చివరి పెట్టెకు కండక్టరు చేయి వేశాడు.

"ఇక్కడెందుకు దిగుతున్నవమ్మా? టికెట్ ఖని దాకుంది."

"గామెతోని నేను రాను." కిటికీ కిందికి వచ్చి నిలబడింది. "నువ్వు నోరు తెరవలె. నేను చూసిన."

ఎవాంజెలిన్ ఏదో అనబోయింది. బస్సు కదిలిపోయింది. పక్కన ఉన్న ముసలమ్మ మూట తీసుకుని, లేచి వెనక సీటుకు వెళ్లి కూర్చుంది. పెద్దపల్లిలో ఆమె దిగిపోయినా, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ జనం ఎక్కేదాకా ఎవాంజెలిన్ పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఇంటికి చేరి ఎవాంజెలిన్ అన్నం వండుకుంది, తినలేకపోయింది. అక్క ఇంకెక్కడికైనా పోతే పీడ పోయిందని ఒకసారి అనుకుంది. పోతే కాలనీ అంతా తనను ఏమంటుందో అని ఇంకోసారి అనుకుంది. అక్కకు ఏమైనా అయి ఉంటుందేమో అన్నది మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది. అది తట్టాక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బస్టాండ్ దాకా మాత్రం వెళ్లలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆటో వచ్చి ఆగింది. పెట్టెలు దింపుతుంటే ఎదురింటి నర్సింగం భార్య వాకిట్లోకి వచ్చి చూస్తోంది. ఎవాంజెలిన్ తలుపుకు అడ్డంగా ఉన్నదల్లా పక్కకు తప్పుకుంది. కెరోలిన్ ఆమెను రాసుకుంటూ లోపలికి పోయి, ముందు గదిలో తండ్రి మంచం మీద పరుపు దులిపింది.

"నా గది ఇది" అంది.

"వంటింట్ల అడుగు పెడితే ఊకోను" అంది ఎవాంజెలిన్.

మర్నాడు కెరోలిన్ బజారుకు వెళ్లి చిన్న గ్యాస్ పొయ్యి కొనుక్కొచ్చి వరండాలో పెట్టుకుంది. సదానందం రాజీ చేద్దామని వస్తే ఇద్దరూ ఆయనకు టీ పెట్టారు, ఎవరి పొయ్యి మీద వాళ్లు. ఆయన రెండు గ్లాసులూ తాగి, మాట కదపకుండానే లేచి వెళ్లిపోయాడు.