పూజ రోజు ఆగిన ఓవెన్

2022లో నేను బెంగళూరు శివార్లలో అత్తిబెలె దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. లైసెన్సు ఉన్న ఒక పిస్టల్ కంపెనీకి మేము స్పేర్ పార్టులు చేసిచ్చేవాళ్ళం. నేను బడికి పోయినదాన్ని కాను. మా నాయన ఇంట్లోనే చదివించి ప్రైవేటుగా పరీక్షలు రాయించాడు. అలాంటిదాని చేతికి మందం కొలిచే మైక్రోమీటర్ ఇచ్చి కూర్చోబెట్టినందుకు, పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ ఫ్యాక్టరీని కూడా తలుచుకుని దండం పెట్టుకునేదాన్ని.

మా ముఖ్యమైన సరుకు ఎక్స్‌ట్రాక్టర్. పిస్టల్ పేలాక ఖాళీ తూటా గొట్టాన్ని కొక్కెంలా పట్టి బయటికి లాగే చిన్న ముక్క అది. అది విరిగితే రెండో తూటా ఎక్కదు. చాలామంది ఉక్కు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి చేస్తారు. మేము గట్టి స్టీలు కడ్డీ నుంచి కోసి తీసేవాళ్ళం. అది మా గొప్ప. ఆ తర్వాత తుప్పు పట్టకుండా పైన లోహపు పూత, అదే ప్లేటింగ్. ప్లేటింగ్ ట్యాంకులో ఉన్నప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ దూరుతుంది. దాన్ని తరమడానికి నాలుగు గంటల్లోపే ఓవెన్‌లో పెట్టాలి. దీన్నే బేకింగ్ అంటాం. ఆలస్యమైతే ఉక్కు లోలోపల పెళుసెక్కుతుంది. గట్టితనం చూసే హార్డ్‌నెస్ టెస్టులో మాత్రం పాసైపోతుంది.

ఆ ఏడు ఆయుధపూజ నాడు పొద్దున పదింటికి ఒక లాటు ఎక్స్‌ట్రాక్టర్లు ప్లేటింగ్ ట్యాంకులోంచి బయటికి వచ్చాయి. అప్పటికే హారతి అయిపోయింది, బూడిద గుమ్మడికాయ కొట్టేశారు. మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, ఓవెన్ తలుపుకు చామంతి దండ కట్టింది నేనే. ఓవెన్ చూసుకునే మునిరాజు ట్రే పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, దండ కొంచెం పక్కకు జరుపు. ట్రే పెట్టేస్తా."

"పూజ చేసిన మిషన్ని ఈ పొద్దు తిప్పకూడదప్పా. దశమి పోయినాక పెడదాం."

"టైము దాటిపోతాది."

"రెండు దినాలకు నీ ఉక్కు ఏమన్నా పులిసిపోతాదా? ప్రసాదం తిని ఇంటికి పో."

"మా అక్క చెప్తే ఉక్కు కూడా వింటాదిలే," అని నవ్వి, ట్రే బల్ల మీద పెట్టి పోయాడు.

దశమి మరునాడు బేకింగ్ చేశాం. ప్రతి లాటుతో పాటు రూట్ కార్డు అనే కాగితం తిరుగుతుంది. దాంట్లో బేకింగ్ టైము గడి నింపేది నేను. పూజ నాటి తేదీ వేసి పదకొండున్నర అని రాశాను. ఆపరేటర్ పేరు మునిరాజు. సంతకం నాది.

రెండు నెలలకు పిస్టల్ కంపెనీ తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. పోలీసు ఆయుధాలు మరమ్మతు చేసి రిటైరైన మనిషి. ప్లాస్టిక్ కవరులోంచి తొమ్మిది విరిగిన ఎక్స్‌ట్రాక్టర్లు నా బల్ల మీద పోశాడు.

"ఇవి మీవేనామ్మా?"

"మావే సార్."

"ప్రాక్టీసు రేంజిలో విరిగినాయి. మీ అదృష్టం బాగుండాది. డ్యూటీలో ఉండే మనిషి చేతిలో విరిగుంటే, ఆయప్ప చేతిలో ఉండేది వట్టి ఇనప ముక్క."

ఎవరికీ ఏమీ కానందుకు అక్కడే కళ్ళు మూసుకుని దేవుడికి మొక్కుకున్నాను. ఆ మొక్కులో సగం నా కోసమే.

లాటు మొత్తం వెనక్కి తెప్పించి తుక్కు చేశారు. విరిగింది హైడ్రోజన్ వల్లేనని ల్యాబు చెప్పింది. కార్డులో టైము సరిగ్గా ఉంది. అంటే ఓవెన్‌లో వేడి సరిగ్గా పెట్టలేదని మేనేజరు తేల్చి, మునిరాజును పిలిచాడు.

"ఆ పొద్దు ఓవెన్ వెయ్యనే లేదు సార్. అక్కను అడగండి."

మేనేజరు నా వైపు తిరిగాడు. మునిరాజు కూడా నా వైపే చూశాడు, ఏ భయమూ లేకుండా.

"కార్డులో ఉండేదే సార్," అన్నాను.

ఆ మధ్యాహ్నమే అతన్ని పనిలోంచి తీసేశారు.

నాలుగు రోజులు ఇంట్లో దీపం ముందు కూర్చోలేకపోయాను. ఐదో రోజు మేనేజరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన లేచి తలుపు మూశాడు. "ఇప్పుడా చెప్పేది? పిస్టల్ కంపెనీకి రిపోర్టు పోయింది, వాళ్ళు ఒప్పుకున్నారు. ఈ కార్డు అబద్ధమంటే మన కార్డులన్నీ తిరగేస్తారు. పోమ్మా, పని చూసుకో." పోయి పని చూసుకున్నాను.

తర్వాతి ఆదివారం హెబ్బగోడిలో అతను అద్దెకున్న గదికి వెళ్ళాను. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ యూనిట్‌లో అట్టపెట్టెలు మోస్తున్నాడట. ఓవెన్ పని అడిగిన చోటల్లా మా ఫ్యాక్టరీకి ఫోన్ చేసి కనుక్కున్నారు, వద్దన్నారు.

"నాదే తప్పని మేనేజరుకు చెప్పేసినా మునీ."

"ఎప్పుడు?"

"నువ్వు పోయిన ఐదో దినం."

"నేనుండేటప్పుడు చెప్పలేదు కదా," అన్నాడు. "నీ దేవుడు మంచోడక్కా. నన్ను అడ్డం పెట్టి నిన్ను కాపాడినాడు."

అతని భార్య ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. అదైనా ఇచ్చినందుకు ఆమెకు ఈ రోజుకీ రుణపడి ఉన్నాను.

ఓవెన్ ఆపమని దేవుడు నన్ను అడగలేదు. మేనేజరు ముందు నిజం దాచమనీ అడగలేదు. అవి నేను తెలిసి చేసిన తప్పులు. కానీ రూట్ కార్డు గడిలో ఆ అంకె వేసేటప్పుడు తప్పు చేస్తున్నానని కూడా నాకు తోచలేదు. అక్కడ ఉండాల్సిన టైము అది కాబట్టి అదే రాశాను. ఈ సంగతి నాకు నేర్పింది అక్కడే ఉంది. ఇప్పుడు ప్రతి లాటుకూ గోడ గడియారం చూసి, కనిపించిందే రాస్తాను. దానివల్ల మునిరాజుకు ఒరిగేదేమీ లేదు.