మా ల్యాప్‌టాప్‌లో రెండో పెళ్లి ప్రకటన

కుక్కర్లో కేకు అడుగంటకుండా ఎలా చేయాలో వెతుకుతుంటే పక్కన రెండో పెళ్లి కనబడింది. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె నవ్వుతూ, "జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టండి, మీ దగ్గర్లోనే రెండో పెళ్లి సంబంధాలు" అంటోంది. పేజీ కిందికి జరిపితే మళ్లీ ఆమే. వార్తలు తెరిస్తే అక్కడా ఆమే. మెట్టుగూడలో మా ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే. హాల్లో టేబుల్ మీద ఉంటుంది, నేనూ మా ఆయనా మా అమ్మా ముగ్గురం దాన్నే వాడుకుంటాం. సంబంధాలు నేను వెతకలేదు. అమ్మ వెతకదు. ఇంక మిగిలిందెవరు?

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆదివారం పూట పాపం బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న మనిషిని వెళ్లి నిలదీశాను.

"ఎన్ని రోజుల సంది చూస్తున్నవ్ రెండో పెళ్లికి?"

మా ఆయన చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది. "ఒక్కదానితోనే పరేషాన్ ఉన్న. ఇంకోటి నాకెందుకే?" అన్నాడు.

ఆ మాటకు ఇంకా మండింది. రెక్క పట్టుకుని లాక్కొచ్చి ఆకుపచ్చ చీరను చూపించాను. ఆయన వంగి చూసి, గడ్డం గోక్కుని, "వంటల పేజీల వచ్చింది గదా ఇది. వంటలు చూసేది నువ్వు. నన్నడుగుతవేంది?" అన్నాడు. ఆ పూటంతా మేం మాట్లాడుకోలేదు. కేకు అడుగంటింది.

సోమవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి ఒక ఉపాయంతో వచ్చాడు. చేతులు కూడా కడుక్కోకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బ్రౌజర్‌కు ఏదో ఎక్స్‌టెన్షన్ తగిలించాడు. తోటి ఉద్యోగి చెప్పాడట. "మనం ఏ సైటుకు పోయినా, దాని వెనక ఎవరెవరు నక్కి చూస్తున్నరో ఇది బొమ్మ గీసి చూపిస్తది. నేను నిర్దోషినని రుజువైతది," అన్నాడు.

కేకు పేజీ మళ్లీ తెరిచాం. తెర మధ్యలో ఒక పెద్ద గుండ్రం వచ్చింది. అది మేం తెరిచిన సైటు. దాని చుట్టూ చిన్న చుక్కలు ఒకటి, రెండు, పది, ఇరవై, పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఒక్కో చుక్క నుంచి గుండ్రానికి ఒక్కో దారం. ఆ చుక్కలన్నీ మేం ఎన్నడూ పేరు వినని కంపెనీలు. నేనేం చూశాను, ఎంతసేపు చూశాను, తర్వాత ఎక్కడికి పోయాను, అన్నీ రాసుకునే వాళ్లు.

"అమ్మో! ఒక్క కేకుకు ఇంతమందా! ఇందుల ఒక్కడన్న వచ్చి మైదా జల్లించిండా?" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. ఇక మాకు అదే ఆట అయిపోయింది. వార్తలు, రైలు వేళలు, రాశిఫలాలు, ఏది తెరిస్తే ఎన్ని చుక్కలొస్తాయో పందెం వేసుకున్నాం. చీరల దుకాణం తెరవగానే తెర నిండిపోయి దారాలు చిక్కుపడ్డాయి. అమ్మ కూరగాయలకు పోయి ఇంకా రాలేదు. ఇద్దరం ఆ కుర్చీలోనే ఇరుక్కుని కూర్చుని, నిన్న ఎందుకు అలిగామో మరిచిపోయి నవ్వుకున్నాం.

బుధవారం సాయంత్రం ఆ బొమ్మను మళ్లీ తెరిస్తే కొత్త గుండ్రం ఒకటి కనబడింది. రెండో పెళ్లి సంబంధాల సైటు. పక్కనే టైము కూడా ఉంది: మంగళవారం పొద్దున పదకొండు. మంగళవారం పదకొండుకు మా ఆయన ఆఫీసులో ఉన్నాడు, నేను బ్యాంకులో కౌంటరు దగ్గర ఉన్నాను. ఆయన మీసం దువ్వుకున్నాడు. "చాయ్ తాగుతవా?" అని అడిగాను. క్షమాపణ చెప్పడం నాకు అంతవరకే వచ్చు.

అయితే అమ్మే! అమ్మకు యాభై ఆరేళ్లు. ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేసి పోయిన ఏడే మానేసింది. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఫోన్లో అక్షరాలు చిన్నగా ఉంటాయని ల్యాప్‌టాప్ వాడుతుంది. పని కాగానే హిస్టరీ తుడిచేయాలని నేర్పింది నేనే. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు సంబంధాలు చూస్తున్నారంటే అది వేరేవాళ్ల కోసమే. కాబట్టి మౌలాలిలో ఉండే చిన్నమ్మ కొడుకు కోసమే అనుకున్నాను. వాడికి విడాకులై రెండేళ్లు. ఇంత తేలిగ్గా లెక్క తేలినందుకు నన్ను నేనే మెచ్చుకుని, మర్నాడు లంచ్ టైములో చిన్నమ్మకు ఫోన్ కొట్టాను.

"చిన్నమ్మా, తమ్మునికి సంబంధం చూడమని అమ్మకు చెప్పినవా?"

"నేనేడ చెప్పిన?"

"మరి అమ్మ రెండో పెళ్లి సంబంధాలు చూస్తున్నదే!"

"సాయంత్రం నేనొస్త" అని పెట్టేసింది.

వచ్చింది. ఆటో దిగి, చెప్పులు విడిచి, కూర్చోనైనా కూర్చోకుండా, పుంటికూర తెంపుతున్న అమ్మ ముందు నిలబడి అడిగేసింది. "ఎవరికి చూస్తున్నవక్కా సంబంధాలు?"

అమ్మ చిన్నమ్మను చూసింది. తర్వాత నన్ను చూసింది. మాట ఎక్కడి నుంచి పోయిందో ఆమెకు అర్థమైపోయింది.

"నాకే," అంది.

"ఏందక్కా గిట్ల మాట్లాడ్తున్నవ్? ఈ వయసుల పెండ్లేంది? నలుగురికి తెలిస్తే ఏమంటరు?"

అమ్మ చేతిలో కాడ పళ్లెంలో పెట్టి, మెల్లగా చెప్పింది. "అల్వాల్‌ల ఉంటడాయన. రైల్వే గార్డు చేసి రిటైరైండు. భార్య లేదు. రెండు నెలల సంది రాసుకుంటున్నం. ఈ ఆదివారం ఒకసారి కలుద్దామనుకున్నం. ఇగ వద్దని రాస్త." అప్పుడు నా వైపు తిరిగింది. "నాకు ఇష్టమో కాదో నాకే ఇంక తెల్వదు బిడ్డా. నాకు తెల్వకముందే మౌలాలి దాక తెలిసిపాయె."

లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. చిన్నమ్మ నీళ్లయినా తాగకుండా వెళ్లిపోయింది. నేను ఆ పుంటికూర ముందు కూర్చుని ఏడ్చాను. పదకొండేళ్లలో అమ్మ తనకోసం ఒక్కటంటే ఒక్క కోరిక కోరుకుంటే, దాన్ని నేను ఒక్క ఫోన్ కాల్‌తో బజార్న పెట్టాను. మా ఆయన భుజం తట్టి, "ఏడుస్తే ఏమొస్తది? పోయి మాట్లాడు" అన్నాడు.

తలుపు తోసుకుని పోయి అమ్మ మంచం పక్కన కింద కూర్చున్నాను. "తప్పయిందమ్మా" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట విని అమ్మకే ఆశ్చర్యమైంది.

"హిస్టరీ తుడిచిన గదా. ఎట్ల తెలిసింది నీకు?"

ల్యాప్‌టాప్ తెచ్చి, హిస్టరీ తుడిచినా పోని ఆ బొమ్మ చూపించాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. ఎంత బాధలో ఉన్నా లెక్కల టీచరు లెక్కల టీచరే, వేలితో చుక్కలు లెక్కపెట్టడం షురూ చేసింది. సగంలో ఆగి, "వీళ్లందరెవరే? నేను మాట్లాడింది ఒక్కనితోనే గదా!" అంది.

ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను. అమ్మ ఆపుకుందామని చూసింది గానీ ఆమె వల్లా కాలేదు. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాక, ఇలా వెంటపడేవాళ్లను అడ్డుకునే మీట కూడా ఇందులోనే ఉందని చెప్పి అది నొక్కాను. పేజీ మళ్లీ తెరిస్తే చుక్కలన్నీ మాయమై గుండ్రం ఒక్కటే మిగిలింది. అమ్మ తలూపింది.

"మంచిగుంది. మరి నిన్ను ఆపే బటన్ ఏడుంది?"

ఈసారి నవ్వలేదు నేను. కంపెనీలు నా కేకు చూశాయని ఎంత ఎగిరిపడ్డాను! వాళ్లకు అమ్మ ఎవరో తెలియదు. అంతా తెలిసి, చూసి, ఊరికి చెప్పింది మాత్రం నేను. "అదీ ఉందమ్మా" అని, ఆ ల్యాప్‌టాప్‌లోనే అమ్మకు వేరే లాగిన్ చేసిపెట్టాను. అందులో అడ్డుకునే మీట వేసి ఉంచాను గానీ, ఏ సైటుకు పోయిందో బొమ్మ గీసేదాన్ని మాత్రం పెట్టలేదు. పాస్‌వర్డ్ కొట్టుకోమని చెప్పి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. వెనక టకటకమని ఎంతసేపటికీ ఆగదే!

"అంత పొడుగా అమ్మా?"

"చూస్తున్నవా?"

"లేదు, ఇనబడుతోంది."

"అయితే చెవులు సుత మూసుకో."

మూసుకున్నాను. అయ్యాక, "ఆదివారం పో అమ్మా. నేనడగ, ఎవరినీ అడగనియ్య" అన్నాను. వద్దని రాసిందో లేదో ఆ మూడు రోజులూ నాకు తెలియలేదు. అడగకుండా ఉండటానికి నేను పడ్డ తక్లీఫ్ ఆ దేవుడికే తెలుసు. ఆదివారం నాలుగింటికి అమ్మ ఆవాల రంగు చీర కట్టుకుని వచ్చి, "క్లాక్ టవర్ దాక పోయొస్త" అంది. నేను టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా "మంచిది" అన్నాను. ఆమె గేటు దాటగానే మాత్రం సోఫా మీద ఎగిరి గంతేశాను.

చిన్నమ్మను ఆపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకా ఎవరూ తయారుచేయలేదు. ఆ డ్యూటీ నాదే అయింది. రోజూ ఫోన్ చేసి, "ఏమాయెనే?" అని ఆరా తీసేది. "ఈసారి కేకు మంచిగొచ్చింది చిన్నమ్మా" అనేదాన్ని. "నేనడిగేది కేకు గురించా?" అని తిట్టేది. తిట్లు తిన్నాను గానీ మాట జారలేదు. నా జీవితంలో అది మొదటిసారి.

ఆదివారాలు గడిచాయి. అమ్మ వెళ్తుంది, దీపాలు పెట్టేవేళకు ఉస్మానియా బిస్కెట్ల పొట్లంతో తిరిగొస్తుంది. ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీస్తుంది. అప్పుడప్పుడు గదిలో నుంచి నవ్వు వినబడేది. వినకూడదని నేను టీవీ సౌండు పెంచేదాన్ని. "అడగకుంటే నీకు జ్వరమొస్తదేమో" అని మా ఆయన నా అవస్థ చూసి తెగ సంబరపడ్డాడు. జ్వరం రాలేదు. నిజం చెప్పాలంటే, ఇంట్లో ఒక మనిషి నా ఎదురుగానే సంతోషంగా ఉంటే, ఎందుకో తెలియకపోయినా నాకూ సంతోషంగానే ఉంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, నేను దుప్పట్లు మడతపెడుతుంటే అమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది. రెండు దుప్పట్లు అయ్యాయి. మూడోది మడత పెడుతూ, "నాకు ఇష్టమే బిడ్డా" అంది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక దుప్పటితో సహా అమ్మను వాటేసుకున్నాను. ఏడుపూ నవ్వూ కలిసి ఏమన్నానో నాకే తెలియదు. "ఆయనేమన్నడు? ఎప్పుడంటున్నడు?" అని అప్పటిదాకా కుక్కిపెట్టుకున్నవన్నీ ఒక్కసారే అడిగేశాను.

అమ్మ నన్ను పక్కకు జరిపి, నలిగిన కొంగు సర్దుకుంది. "ఆయనకు ఇంక చెప్పనే లేదు. ముందుగాల నీకే చెప్తున్న," అంది.

"మరి ఇంకా ఈడనే నిలబడ్డవేంది?" అని అమ్మ చేతిలో ఫోన్ పెట్టి, గదిలోకి తోసి, బయటి నుంచి నేనే తలుపు దగ్గరికి వేశాను.